సైడింగులో మేసే బండి

పొద్దున్నే ఆవు పాలు పితికి, చెంబెడు రాగి అంబలి తాగి, కొడవలి చేతపట్టుకొని ఆంజప్ప స్టేషను దారి పట్టేవాడు. హోసూరు నుంచి ధర్మపురి పోయే లైనులో అదొక చిన్న స్టేషను. బెంగుళూరు బండి నిలిస్తే నలుగురు దిగేవాళ్ళు, నలుగురు ఎక్కేవాళ్ళు, ఆ తర్వాత స్టేషను మాస్టరు మళ్ళీ కునుకు తీసేవాడు. స్టేషనుకు అవతల, లైను వేసే కాలంలో కంకర తోలడానికి వేసిన సైడింగు ఒకటి ఉంది. చివర మట్టికట్ట పోసి మూసేసిన ఆ పట్టాల మీద, ఇంజనూ పెట్టే ఒక్కటే అయిన డీజిలు రైలుకారు ఒకటి మేస్తూ ఉండేది.

సర్వీసు నుంచి తీసేసిన డీజిలు బండ్లు ఏమవుతాయని పట్నం మనిషెవరైనా అడిగితే ఆ ఊళ్ళో వాళ్ళకు నవ్వొచ్చేది. ఏమవుతాయి, మేస్తాయి. పని చేసినన్నాళ్ళు నూనె తాగుతాయి, పని మానినాక గడ్డి తింటాయి. ఇందులో అడగడానికేముంది?

ఈ బండిది ఎర్ర ఒళ్ళు, నడుము చుట్టూ మీగడ రంగు పట్టీ, ముందూ వెనకా ఒకటే ముఖం. హోసూరు ఫ్యాక్టరీలకు పోయే కూలీలను, పూలగంపలను, పాలక్యాన్లను ఏండ్ల తరబడి మోసింది. ఎనభై ఒకటిలో దాని దమ్ము తగ్గిందని ప్రయాణికుల పని మాన్పించి ఇక్కడ వదిలారు. పశువుల సంగతి తెలిసినవాడని ఆంజప్పను రోజుకూలీ మీద కాపలా పెట్టారు. అది నిలబడిన చోట గడ్డి సాయంత్రానికి నేలమట్టమయ్యేది, అప్పుడొక గజం ముందుకు జరిగేది. ఎలా తింటుందో అని ఎవరూ వంగి చూడలేదు. తినే పశువును తేరిపార చూస్తే దిష్టి తగులుతుంది.

పొద్దు వాలే వేళకు ఆంజప్ప మట్టికట్ట మీద నిలబడి "బా... బా..." అనేవాడు. సైడింగు ఆ చివర ఉన్నా సరే, చక్రాలు కిర్రుమనిపించుకుంటూ వచ్చేది. ఎడమ డొక్క మీద అరచేత్తో తట్టి, చప్పుడు విని, కడుపు బాగుందనుకున్నాక ముందరి కొక్కికి పీచుతాడు వేసి పట్టాల పక్క రాతికి కట్టేసేవాడు. తాడుకు అంత బండి ఆగుతుందా అంటే, ఆగేది. అలవాటైన ఎద్దుకు తాడు బలంతో పనేముంది?

రెండేళ్ళు వానలు మొహం చాటేసేసరికి మేతకు కటకటైంది. ఊళ్ళో ఎద్దులన్నీ క్రిష్ణగిరి సంతకు పోయి, అక్కణ్ణుంచి మళ్ళీ ఎవరికీ కనబడలేదు. ఆంజప్ప ఎండిన చెరువులో దిగి, గట్ల మీద పాకి, ఇంత పచ్చి కనబడితే కోసి బండికి తెచ్చి పోసేవాడు. భార్య పాపక్క ఊరుకునేది కాదు.

"ఇంట్లో ఆవు ఎముకలగూడై ఉంది. నువ్వేమో సర్కారు ఇనుమును మేపేకి పోతావు. అదేమన్నా పాలిస్తాదా?"

"పాలియ్యకుంటే ఏమే, కూలిస్తా ఉంది కదా."

అలా నోటికొచ్చింది చెప్పేవాడు కానీ కూలి కోసం కాదని పాపక్కకూ తెలుసు. ముసలితనంలో మనిషికి ఒక పశువు మీద ప్రాణం పడితే, ఆ ప్రాణం ఇనుమా తోలా అని చూసుకోదు.

ఎనభై మూడులో ఆ బండిని వేలం వేశారు. సేలం నుంచి వచ్చిన పద్మనాభం అనే పాత ఇనుము కాంట్రాక్టరు పాడుకున్నాడు. గ్యాసుతో ముక్కలు కోసి, లారీలకెత్తి, హోసూరులో కరిగించే వాళ్ళకు అమ్ముకోవడం అతని వ్యాపారం. మేసే బండ్లకు ఆఖరి దారి అదేనని అందరికీ తెలుసు. తెలిసినా ఆంజప్పకు ఆ పూట ముద్ద దిగలేదు. దిగకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. కోయడానికి కుదిరింది అతని అల్లుడే.

అల్లుడు వెంకటరమణప్ప ఆంజప్పకు అక్క కొడుకు. హోసూరులో ఇనుము పోతపోసే ఒక ఫ్యాక్టరీలో గ్యాసు కటింగు పని చేసేవాడు. అది మూతపడేసరికి పెళ్ళాన్ని వెంటబెట్టుకొని మామ ఇంటికి చేరాడు. ఆ పెళ్ళాం, అంటే ఆంజప్ప కూతురు మునెమ్మ, నెలలు నిండిన మనిషి. వెంకటరమణప్ప జూజువాడి చెక్‌పోస్టు దగ్గర లారీలకు మూటలు మోశాడు, ఆ పనీ రోజూ దొరకలేదు. ఈ ఒక్క బండి బాగా కోసి చూపిస్తే, ముందు ముందు కోతకు వచ్చే బండ్లన్నిటికీ తనతోనే పెట్టుకుంటానని పద్మనాభం మాటిచ్చాడు.

వాకిట్లో కూర్చొని అల్లుడు ఆ సంగతి తల వంచుకొనే చెప్పాడు.

"నువ్వు ఒద్దంటే నేను పోను మామా."

"పోకుంటే ఏం తింటావు?" అన్నాడు ఆంజప్ప. "నువ్వు కాకుంటే ఇంకోడు కోస్తాడు. వానికి దాని మీద జాలి ఉంటాదా? నువ్వే కొయ్యి. ముఖం మాత్రం కడాకు, అన్నీ అయినాక కొయ్యి."

"మేమెప్పుడూ ముఖం కడాకే కోస్తాము మామా."

తర్వాత వెంకటరమణప్ప పనివాడిలా అడిగాడు.

"దాని టాంకీలో నూనె ఏమన్నా ఉందా? నూనె ఉండే టాంకీ అయితే కోసేకి ముందర నీళ్ళు నింపల్ల. లేకుంటే లోపలుండే గాలి మంట తగిలి పేలిపోతాది. మా ఫ్యాక్టరీలో ఒగడు అట్లనే పోయినాడు."

"నూనె యాడిదప్పా! ఈడికొచ్చినాక చుక్క తాగలేదు. కడుపు నిండా గడ్డే."

వెంకటరమణప్ప తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. అంత కడుపుకు నీళ్ళు నింపాలంటే ఎన్ని డ్రమ్ములు కావాలి? ఊళ్ళో బోరింగు దగ్గర ఆడవాళ్ళు బిందె నీళ్ళకు జుట్లు పట్టుకుంటున్నారు. అక్కడికి పోయి ఇనుముకు నీళ్ళు కావాలంటే బతకనిస్తారా?

వాన కూడా అప్పుడే పడాలా? రెండేళ్ళు కనికరించనిది కోతకు వారం ముందు కురిసింది. బావుల్లో నీళ్ళు ఊరేంత వాన కాదు కానీ, చెరువులో ఎండిపోయిన జొన్నదుబ్బులు చిగుళ్ళు వేశాయి. పశువును ఒకరి చేతిలో పెట్టే ముందు కడుపు నింపి పంపాలి, ఆకలితో పంపితే ఆ ఉసురు ఇంటికి తగులుతుందని వాళ్ళ వాళ్ళలో పట్టింపు. ఆంజప్ప చెరువులోకి దిగి, తడితడిగా నవనవలాడుతున్న ఆ చిగుళ్ళను మోపులు మోపులుగా కోశాడు.

కరువు మీద వచ్చిన లేత పచ్చిని తడితో కడుపునిండా వేస్తే పశువు ఉబ్బిపోతుందని ఆంజప్పకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉబ్బిన ఆవుల డొక్కల్లో కత్తి దించి గాలి తీసి బతికించిన చెయ్యి అది. మోపు విప్పేటప్పుడు ఆ మాట మనసులో మెదిలింది కూడా. రేపు కోతకు పోయేదానికి ఉబ్బరం వస్తే ఏమి, రాకపోతే ఏమి అనుకున్నాడు. ఆఖరిసారి, దాని ఇష్టం వచ్చినంత తిననీ అనుకున్నాడు. బండి పొద్దుగూకేదాకా ఆబగా మేసింది. మిగిలిన మోపును భుజానికెత్తుకొచ్చి పెరట్లో పడేశాడు.

మరునాడు పొద్దున్నే లారీలు, గ్యాసు సిలిండర్లు, పద్మనాభం, పనివాళ్ళు వచ్చేశారు. కొబ్బరికాయ కొట్టారు, కర్పూరం వెలిగించారు. పశువును అమ్మినవాడు తాడును ఇవ్వడు, విప్పి తనతో తీసుకుపోతాడు, పోయేటప్పుడు వెనక్కి చూడడు. చూస్తే అది కొన్నవాడి దగ్గర నిలవకుండా వెంట వస్తుంది. ఆంజప్ప కొక్కి నుంచి పీచుతాడు విప్పి చుట్ట చుట్టుకున్నాడు. రోజూ తట్టే ఎడమ డొక్క వైపు పోలేదు. పోతే ఏడుస్తానని భయపడ్డాడు.

"పోయొస్తానప్పా," అన్నాడు ఎవరికో.

"ఆ, పో పెద్దాయనా. దాన్ని మేం చూసుకుంటాం," అన్నాడు పద్మనాభం. పాపం, ఆ మనిషి మంచి మాటే అన్నాడు.

ఆంజప్ప ఇంటికి వచ్చి అరుగు మీద పడుకున్నాడు. నిద్ర పట్టలేదు. అన్నం తినమంటే తినలేదు. ఎండ నడినెత్తికి వచ్చేవేళకు పెరట్లోంచి పాపక్క కేక వేసింది.

"ఏయ్, ఇట్ల రా! ఆవు పడిపోయింది!"

ఆవు పక్కకు వాలి పడుంది. ఎడమ డొక్క తప్పెటలాగా బిగుసుకొని వెన్ను కంటే ఎత్తుగా లేచింది. నాలుక బయటపడి, నోటి నుంచి నురగ కారుతోంది. పక్కనే జొన్న చిగుళ్ళు నాలుగు మిగిలి ఉన్నాయి.

"ఇదేమేసినావే దీనికి?"

"నిన్న నువ్వు తెచ్చిందే కదా. బండికి ఏసింది ఆవుకు ఏస్తే తప్పా అని పొద్దున ఏసినా."

ఆంజప్ప మోకాళ్ళ మీద కూర్చొని డొక్క మీద తట్టాడు. లోపలంతా గాలి. అరచెయ్యి ఇంకా ఆవు మీద ఉండగానే అతని ముఖం తెల్లబోయింది. లోపలుండే గాలి మంట తగిలి పేలిపోతాదని అల్లుడు చెప్పిన మాట అప్పుడు వచ్చి గుండెలో దిగింది. కడుపు నిండా గడ్డే, నీళ్ళు పోయనక్కర్లేదని చెప్పింది ఎవరు? తనే.

"కత్తి తీసుకోని నువ్వే పొడు! డొక్క ఎముకకు ఇవతల, జానెడు దూరాన!"

"నాకు చేతనవుతాదా? నువ్వు యాడికి పోతావు?"

"అల్లుని దగ్గరికి!"

గడపలో మునెమ్మ నిండు కడుపు పట్టుకొని నిలబడి చూస్తోంది. ఆంజప్ప ఉరుకు అందుకున్నాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. ఆ వయసులో అంత ఉరకడం ఎలా అయిందంటే, భయం ఉరికించింది. ముళ్ళు తొక్కాడు, గట్టు మీది నుంచి జారిపడి లేచాడు. పేలిన చప్పుడు వినిపిస్తుందేమోనని చెవి అటే పెట్టి ఉరికాడు.

మట్టికట్ట ఎక్కి చూస్తే, లారీలు నిలిచే వీలుకు బండిని సైడింగు అవతలి చివరకు తోసి పెట్టారు. కిటికీలు, తలుపులు ఊడదీసి లారీకి ఎత్తేశారు. వెంకటరమణప్ప నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని దాని ఎడమ పక్క గొంతు కూర్చున్నాడు. చేతిలో నీలం మంట బుస్సుమంటోంది. డొక్క రేకు మీద మంట పడుతున్న చోట అప్పటికే ఎర్రబడింది. బండి ఒళ్ళు ఉబ్బి, మీగడ రంగు పట్టీ వంకరపోయి ఉంది.

"అల్లుడా! ఆపప్పా! లేచి రాప్పా!"

గాలి ఎదురుగా కొడుతోంది. మంట మోతలో అల్లుడు తల తిప్పలేదు. పద్మనాభం లారీ దగ్గర వీపు చేసి నిలబడ్డాడు. కట్ట దిగి అంత దూరం ఉరికేలోపు రేకు తెగుతుందని ఆంజప్పకు అర్థమైంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఇప్పుడు పిలిస్తే ఏం జరుగుతుందో అతనికి తెలుసు. తెలిసే పిలిచాడు.

"బా... బా..."

చక్రాల కింద పెట్టిన రాళ్ళు పిండి అయిపోయాయి. బండి కదిలింది. మంట ముందు నుంచి డొక్క పక్కకు జరిగిపోయి, వెంకటరమణప్ప ఒట్టి గాలిలో మంట పట్టుకొని కూర్చుండిపోయాడు. పనివాళ్ళు కేకలు వేస్తూ చెదిరారు. అది ఎవరినీ చూడలేదు. కిటికీలు లేని కళ్ళతో, ఉబ్బిన ఒంటితో, డొక్కలో ఎర్రటి గాయం పొగలు కక్కుతుంటే, రోజూ సాయంత్రం వచ్చినట్టే పిలిచినవాడి దగ్గరికి వచ్చింది.

వెంకటరమణప్ప కళ్ళద్దాలు లాగేసి చూసేసరికి బండి కట్ట దగ్గరికి చేరింది. మామ కిందికి దిగి, రావొద్దని తన వైపు చెయ్యి ఊపాడు. తర్వాత బండి వైపు తిరిగి ఎడమ డొక్కను ఒక చేత్తో నిమిరాడు.

ఆ చప్పుడు రెండు స్టేషన్ల అవతల కూడా వినిపించిందంటారు. చెరువులోకి, స్టేషను పెంకుల మీదకి, పట్టాల పొడుగునా సగం అరిగిన గడ్డి కాలుతూ రాలింది. ఆంజప్పను ఏరి గుడ్డలో కట్టి ఇంటికి తెచ్చారు. పెరట్లో ఆవు బతికింది. కత్తి దించింది పాపక్కే, మొగుణ్ణి తెచ్చినప్పుడు కూడా చేతులకున్న ఆ రక్తం కడుక్కోలేదు.

దినాలు అయిపోయినాక పద్మనాభం మనిషిని పంపాడు. ముందరి సగం చెడకుండా మిగిలింది, కోస్తావా, ఇంకొకణ్ణి పెట్టుకోమంటావా అని అడిగించాడు. లారీలు ఎన్నాళ్ళని ఊరికే నిలబడతాయి? వెంకటరమణప్ప వస్తానని చెప్పి పంపాడు. పాపక్క క్యారియరులో సంగటి పెట్టి ఇచ్చింది. మునెమ్మ పసిబిడ్డను ఒళ్ళో వేసుకొని గోడకు ఆనుకొని కూర్చుంది. మొగుడు తువ్వాలు తలకు చుట్టుకుంటుంటే ఎన్నాళ్ళగానో అడగాలనుకున్నది అడిగింది.

"మా నాయన కడాగా ఏమని పిలిచినాడు? నిన్నేనా?"

వెంకటరమణప్ప క్యారియరు మూత బిగించాడు.

"నాకేమీ ఇనపడలేదు మునెమ్మా," అన్నాడు. "దానికి ఇనపడింది."

చెప్పులు వేసుకొని స్టేషను దారి పట్టాడు.