బోల్టు మీద పసుపు చుక్క

ఆ ట్రక్కు ఎంత దూరం తిరిగిందో దాని మీటరు కూడా చెప్పలేదు. అంకెలు చాలక ఎప్పుడో సిగ్గుపడి ఆగిపోయింది. చందమామ దాకా వెళ్ళి, అక్కడ కళ్ళజోడు మరిచిపోయి, మళ్ళీ వెళ్ళి తెచ్చుకునేంత తిరిగిందని దర్జీ అందరితోనూ అనేవాడు. అబద్ధమని చెప్పడానికి మీటరు పనిచేస్తేగా!

దాన్ని నడిపేది మాత్రం దర్జీ కాదు, ఆయన భార్య. ఖాళీ సీసాల పెట్టెలు నింపుకొని కొండ దిగి, అవతలున్న కార్ఖానాకి చేరవేయడం ఆవిడ పని. ఆవిడ తిరిగి వచ్చేదాకా ఇక్కడ కుట్టుమిషను మీద దర్జీ కాలు సరిగ్గా ఆడదు.

అలాంటి మనిషికి ఒక పొద్దున వాకిట్లో, సరిగ్గా ట్రక్కు ముందు చక్రాల మధ్య, ఎర్రటి మరక కనిపించింది. నెత్తురేమో అనుకున్నాడు. వంగి వేలు పెట్టి చూస్తే నూనె. భార్య తమ్ముడు మెకానిక్కు. కబురు అందగానే వచ్చి ట్రక్కు కిందకి దూరాడు.

"స్టీరింగ్ ర్యాక్ కారుతోంది బావా. ముందు చక్రాల్ని అటూ ఇటూ తిప్పేది ఇదే. రబ్బరు తొడుగులు చూడు, నూనె తాగి ఎలా ఉబ్బాయో. ఇది మార్చాల్సిందే."

"కారేచోట ఏదన్నా చుట్టి సరిపెట్టలేవట్రా?"

"చిరిగిన మోచేతికి అతుకు వేసినట్టా? మా అక్క కొండ దిగాలా, దొర్లాలా?"

దర్జీ ట్రక్కు తాళం తెచ్చి బావమరిది చేతిలో పెట్టాడు.

ఆ మధ్యాహ్నమే మెకానిక్కు షెడ్డులో పని మొదలైంది. సాయానికి మరెవరూ లేరు, బావే చేతికింద మనిషి. స్టీరింగ్ తనంతట తాను తిరగకుండా తాడుతో సీటుకి కట్టేశారు. పాత ర్యాక్ ఊడదీసి కొత్తదాని పక్కన పడుకోబెట్టారు. రెండింటి పొడుగూ దర్జీ తన టేపుతో కొలిచాడు.

"ఎడమ చెయ్యి కాస్త పొడుగైందిరా. మడిచి కుట్టు."

"నోరు మూసుకుని టేపు పట్టుకో బావా," అంటూనే మెకానిక్కు మర తిప్పి ఆ తేడా సరిచేశాడు.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. బిగించిన ప్రతి బోల్టు మీదా పసుపురంగు చుక్క పెడతారు. చుక్క ఉన్న బోల్టుకి మళ్ళీ పానా తగిలించరు. చుక్క లేని బోల్టు ఒక్కటున్నా బండి గడప దాటదు. రంగు డబ్బా, సన్నటి కుంచె బావ చేతిలో పెట్టి, "చుక్కల పని నీదే," అన్నాడు మెకానిక్కు.

ర్యాక్‌ని చట్రానికి పట్టించాక, స్టీరింగ్ నుంచి దిగే కడ్డీని దాని పళ్ళమీద తొడిగి, ఆ రెండింటినీ కలిపి పట్టే బోల్టును వేళ్ళతో తిప్పి వదిలాడు. ఇంతలో గేటు దగ్గర ఎవరిదో బండి ఆగిపోయి హారను మోగింది. అతను అటు పరిగెత్తాడు. తిరిగొచ్చి టార్చి వేసి చూశాడు. అన్నిటి మీదా చుక్కలే. నూనె పోసి, ముందు చక్రాలు గాల్లోకి లేపి, స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పి నూనెలో చేరిన గాలి తీసేశాడు. వీధి చివరిదాకా నడిపి చూసి అక్కకి తాళం ఇచ్చాడు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ సీసాలతో బయలుదేరింది. దర్జీ కొట్టు తెరిచి, ఒక చొక్కా బల్లమీద పరిచి, గుండీలు ఎక్కడ కుట్టాలో సుద్దముక్కతో గుర్తులు పెట్టసాగాడు. ఒక గుర్తు, రెండో గుర్తు... మూడోదాని మీద చెయ్యి ఆగిపోయింది.

దర్జీ ముందు గుర్తు పెడతాడు, తర్వాత కుడతాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అంతే. నిన్న మెకానిక్కు గేటు దగ్గరికి వెళ్ళినప్పుడు ఖాళీగా కూర్చోలేక ఆ కడ్డీ బోల్టుకి కూడా చుక్క పెట్టేశాడు.

ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఆగింది. స్టీరింగ్ పట్టుకున్నాక ఆవిడ ఫోను ముట్టదు. మెడలో టేపు వేలాడుతుండగానే షెడ్డుకి పరిగెత్తాడు.

"ఒరేయ్, ఆ కడ్డీ బోల్టు బిగించావా?"

"చుక్క చూశానుగా బావా. బిగించే ఉంటా."

"చుక్క నేను పెట్టాను."

"బిగించాకేగా?"

"బిగించాలని పెట్టానురా..."

మెకానిక్కు చేతిలో పని అక్కడే పడేశాడు. పానా జేబులో దోపుకొని స్కూటరు తీశాడు.

కొండ రోడ్డు మీద, వెనక కూర్చున్న దర్జీ ప్రతి మలుపు దగ్గరా పిట్టగోడ వంక చూశాడు. ఎక్కడైనా కొత్తగా విరిగిందా? ఒకచోట రోడ్డు పక్కన గాజు పెంకులు తళతళలాడాయి. దర్జీ మెకానిక్కు భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"పాతవి బావా. వాటిమీద దుమ్ము చూడు."

"దుమ్మేనా? సరిగ్గా చూశావా?"

"గోళ్ళు దిగుతున్నాయి, వదులు!"

నిటారు దిగుడు మొదలయ్యే చోట రోడ్డు పని జరుగుతోంది. ఒకతను ఎర్రగుడ్డ అడ్డం పెట్టి బండ్లన్నీ ఆపాడు. ఆ వరసలో సీసాల ట్రక్కు ఉంది. వీళ్ళు చేరేసరికి అతను ఎర్రగుడ్డ దించాడు. ముందున్న బండి కదిలింది. స్కూటరు ఆగకుండానే దర్జీ దూకి, పడి, లేచి, ట్రక్కు ముందు చేతులు చాపి నిలబడ్డాడు.

ఆవిడ కిటికీలోంచి తల బయట పెట్టింది. "ఏవండీ, నా కొలతలు తీసుకోడానికి ఇంత దూరం వచ్చారా?"

మెకానిక్కు అప్పటికే కిందకి దూరాడు. కాసేపటికి లోపలి నుంచి గొంతు వచ్చింది.

"వేళ్ళతోనే తిరుగుతోంది."

ఆవిడ దిగింది. "పొద్దుటి నుంచీ స్టీరింగ్ ఒక క్షణం ఆలస్యంగా మాట వింటోంది. కొత్తది కదా, అలవాటు పడాలేమో అనుకున్నా," అంది నెమ్మదిగా.

"తప్పు నాదే అక్కా, పానా పెట్టి చూడాల్సింది."

"వాడిది కాదు, నాది. చుక్క నేను ముందే పెట్టేశాను."

ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. వెళ్ళి ట్రక్కు మెట్టుమీద కూర్చుంది. దర్జీ పక్కన కూర్చోబోయి, ధైర్యం చాలక నిలబడిపోయాడు. వెనక బండ్లవాళ్ళు హారన్లు మోగించి, తిట్టి, పక్కనుంచి దాటిపోయారు. మెకానిక్కు బిగించాడు. అక్క మళ్ళీ బిగించమంది. ఇంకోసారి పానా వేసి, ఒంటి బరువంతా మోపి లాగాడు. కదల్లేదు.

"బిగిసిందా?" అని ఆవిడ మొగుణ్ణి అడిగింది, తమ్ముణ్ణి కాదు.

దర్జీ కిందకి దూరి, ఆ బోల్టును తన చేత్తో తిప్పబోయి, వేళ్ళు నొప్పెట్టేదాకా చూసి బయటికొచ్చాడు.

"బిగిసింది."

"అయితే ఎక్కండి. మీరు ఎక్కితేనే నేను కొండ దిగుతా."

దర్జీ ఎక్కాడు. ట్రక్కు కదిలింది. సీసాలన్నీ ఒక్కసారి గొల్లుమన్నాయి. మొదటి మలుపు ఎదురొచ్చేసరికి ఆయన కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి.

"కళ్ళు తెరిచి చూడండి," అందావిడ. "నా చేతుల్ని కాదు, రోడ్డుని."

చూశాడు. ఆవిడ స్టీరింగ్ తిప్పింది. అదే క్షణంలో ట్రక్కు ముక్కు తిరిగింది. పిట్టగోడ పక్కకి జరిగిపోయింది. రెండో మలుపు కోసం ఆవిడ గేరు తగ్గించింది.