కేశవరేవు లంగరు

నేను ఒక లంగరును. నదిని నమ్మలేక మనుషులు చేసుకున్న వస్తువుని. అందుకే పుట్టుకతోనే నాకు అనుమానం ఎక్కువ. కాలువ లాకుల దగ్గర కొలిమిలో ఒక కమ్మరి నా కొక్కాలు వంచి, కేశవరేవు పడవవాడు రాఘవులుకు అప్పగించాడు.

అప్పట్లో గోదావరి గట్టున కేశవరేవంటే మాటలు కాదు. నది మధ్య లంకల్లోంచి పొగాకు, కొబ్బరి, బెల్లం పడవల మీద వచ్చి దిగేవి. ఎగువ నుంచి వెదురు తెప్పలు తేలివచ్చేవి. షావుకార్ల గోదాముల దగ్గర కాటా వేస్తుంటే రైతు షావుకారుని, షావుకారు రైతుని కనిపెట్టుకుని ఉండేవారు. ఇద్దరూ కలిసి పడవవాణ్ణి కనిపెట్టేవారు. ఆ రేవులో ఎవరినీ శంకించకుండా కళ్ళు మూసుకునేవి బండి ఎడ్లు మాత్రమే.

రాఘవులు ఒక్కణ్ణి నమ్మేవాడు, చెల్లెలు మంగాయమ్మ మొగుడు వీర్రాజుని. పడవ ఇద్దరిదీ.

ఇంతలో వంతెన వచ్చింది. లారీలు నేరుగా లంకల్లోకే వెళ్ళి సరుకు ఎత్తుకోసాగాయి. గోదాములు మూతపడ్డాయి. ఒకరోజు వంతెన మీద వీర్రాజు ఒక లారీ యజమానితో మాట్లాడుతుంటే రాఘవులు చూశాడు. ఏమిటని అడగలేదు, మనసులో పెట్టుకున్నాడు.

మర్నాడే వరద. నన్ను నీళ్ళలోకి విసిరి, తాడు పడవకు కట్టింది వీర్రాజే. మధ్యాహ్నానికి పడవ కొట్టుకుపోయి వంతెన స్తంభానికి తగిలి ముక్కలైంది. నేను అడుగున ఇసుకలో కూరుకుపోయాను. గట్టు మీద జరిగింది తరవాత మంగాయమ్మ నోట విన్నాను.

"తాడు నువ్వే ఇప్పేశావు. పడవ పోతే లారీ ఎక్కొచ్చని సూశావు," అన్నాట్ట రాఘవులు.

"నేనెందుకు ఇప్పుతాను బావా?" అని వీర్రాజు ఒక్కసారే అన్నాట్ట.

రెండిళ్ళకీ మాటలు పోయాయి. పొట్టకూటికి వీర్రాజు నిజంగానే లారీ ఎక్కాడు. ఊరికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

కొన్నేళ్ళకు, పొగాకు అమ్మిన ఊరు ఇసుక అమ్మడం మొదలుపెట్టింది. ఓ వేసవిలో పార ఒకటి నాకు తగిలింది. అక్కడ ఇసుక మోస్తున్న మంగాయమ్మ పరుగెత్తుకొచ్చింది. నా తాడు పట్టి లాగింది. తాడు తెగలేదు, ముడి ఊడలేదు. చివర్న పడవ ముక్కుకుండే ఇనుప కడియం, దాన్ని అంటుకుని పుచ్చిన చెక్క ముక్క. నన్ను రిక్షాలో వేయించి అన్న వాకిట్లో దింపించింది.

"సూడన్నయ్యా! నా మొగుడేసిన ముడి సూడు. పుచ్చింది పడవ!"

రాఘవులు ఆ ముడిని చాలాసేపు తడిమాడు. నన్ను భుజానికెత్తుకుని వీర్రాజు ఇంటికి నడిచాడు. అరుగు ముందు దించి, "తప్పయిపోయిందిరా," అన్నాడు.

వీర్రాజు కడియం వైపు కూడా చూడలేదు. "ఇనుముని సూసి నమ్మావు బావా. ఇన్నేళ్ళూ నన్ను సూసి నమ్మలేకపోయావు."

రాఘవులు అరుగు అంచున కూర్చున్నాడు. మంగాయమ్మ ఇద్దరికీ అన్నం పెట్టింది. ఇద్దరూ తలెత్తకుండా తిన్నారు. వీర్రాజు చెయ్యి కడుక్కుని, ఇంటి ముందు నిలిపిన లారీ ఎక్కి ఇంజను వేశాడు. పక్క సీటు తలుపు తెరిచాడు. ఎక్కమని అనలేదు. బండి మాత్రం కదపలేదు.

చాలాసేపటికి రాఘవులు లేచాడు.