ఈ ముడి అయ్యాక

వల అంచును కాలి బొటనవేలికి తగిలించి బిగలాగి, అసుంతా చెక్క సూదిని దూర్చి ముడి వేస్తోంది. వేళ్ళు కీళ్ళ దగ్గర లావెక్కి వంకర్లు పోయాయి గానీ ముడి మాత్రం తిన్నగానే పడుతోంది. ఎదురుగా సముద్రం ఉన్నా ఆవిడ తలెత్తదు.

కటలాన్ భాష మాట్లాడే మా వాళ్ళకి ‘బదా’ అని ఒక మాట ఉంది. చేతిలో పని మరిచిపోయి, నోరు తెరుచుకుని దేన్నో చూస్తూ ఉండిపోవడమన్నమాట. బడికెళ్ళే పిల్ల పావురాల దగ్గర ఆగినా, రొట్టెల కొట్టు ముందు వరసలో ఎవరైనా దిక్కులు చూస్తూ కదలకపోయినా ఆ మాటతోనే కసురుతాం. అసుంతా మొగుడు ఫెలియు అందుకు పెట్టింది పేరు. సాయంత్రం పడవలు తిరిగొస్తుంటే చేపల బుట్ట గట్టుమీద దించేసి నిలబడిపోయేవాడు.

"బదా చేసింది చాల్లే, చేపలు ఎండిపోతున్నాయి!" అని ఆవిడ అరిచేది.

"ఒక్కసారి నా పక్కన కూర్చుని చూడవే. నీ సొమ్మేం పోదు."

"ఈ ముడి అయ్యాక."

ఆ ముడి తరవాత ఇంకో ముడి ఉండేది. ఫెలియు పోయి చాలా ఏళ్ళయింది. కసరడానికి మనిషి లేక ఆ మాట ఆవిడ నోట్లోనే ఉండిపోయింది. ఒక్క సాయంత్రమైనా అతని పక్కన కూర్చోలేదే అన్న బాధ మాత్రం వల ముందేసుకున్నప్పుడల్లా గుచ్చుకునేది.

చీకటి పడేలోగా ఈ వల పడవ యజమానికి అందాలి. దీపస్తంభం పక్కనుంచి మొదటి పడవ తిరిగింది, వెనకే తెల్లగా పక్షుల గుంపు. అసుంతా చెయ్యి ఆగింది. తలెత్తి చూసింది.

పక్కన వల కుడుతున్న నేవుస్ బిత్తరపోయింది. "ఏమే, నువ్వేనా? నోరు మూసుకో, ఈగలు దూరతాయి!"

"చూడనీవే. ఫెలియు పిచ్చివాడేం కాదు."

"మరి వల ఎవరు పూర్తిచేస్తారు, మీ ఆయనా?"

"ఇంకొక్క ముడే. అదెక్కడికి పోతుంది?"

నేవుస్ నవ్వుకుంటూ కాఫీ తేవడానికి వెళ్ళింది. రెండు గ్లాసులతో తిరిగొచ్చేసరికి పడవలన్నీ ఒడ్డు చేరాయి. అసుంతా ఇంకా అటే చూస్తోంది.

"బదా చేసింది చాల్లే, లే."

భుజం తట్టాక తెలిసింది, ఊపిరి ఆగిపోయిందని.

పడవ యజమాని వచ్చి టోపీ తీసి నిలబడ్డాడు. వల సంగతి అడగలేదు. మర్నాడు పడవ పాత వలతోనే వెళ్ళింది. గట్టుమీద, వెయ్యని ఆ ఒక్క ముడి దగ్గర, చెక్క సూది నూలు చివర వేళ్ళాడుతూ ఉంది.