మా అమ్మ చెయ్యలేదా?

ఆ వీధిలో ఆవిడని అందరూ మిషనమ్మ అనే పిలుస్తారు. ఇంట్లోనే బడిపిల్లల యూనిఫారాలు కుట్టే మనిషి. కుట్టుమిషను ముందు కూర్చుందంటే పక్కన పిడుగు పడ్డా తలెత్తదని పేరు. అలాంటిది ఆ ఆదివారం పొద్దున, చొక్కా కాలరు సగం కుడుతుండగా, తలెత్తింది. తొక్కుతున్న కాలు దానంతటదే ఆగిపోయింది.

వంటింట్లోంచి కొడుకు గొంతు వినిపిస్తోంది.

"గిన్నెలు కడగడానికి కూడా మిషనా? మా అమ్మ చెయ్యలేదా? ఇంటెడు చాకిరీ చేసుకుంటూనే ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టింది. ఒక్కనాడు నోరు తెరిచి నాకిది కావాలని అడిగిందా?"

కోడలు ఏదో గొణిగింది. గిన్నె మీద గిన్నె విసురుగా పడిన చప్పుడయింది.

మిషనమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. కొడుకు తనని పొగిడాడు, నిజమే. పొగిడి, ఆ పొగడ్తనే దుడ్డుకర్ర చేసి పెళ్ళాం నెత్తిన మొత్తాడు. తల్లి అరిగిపోయిన చేతుల్ని సాక్ష్యానికి పిలిచినవాడు, ఆ చేతులున్న మనిషిని మాత్రం ఒక్క మాట అడగలేదు.

అడగలేదట! ఎందుకడగలేదు? కాళ్ళావేళ్ళా పడినంత పని చేసింది. ఇప్పుడు రిటైరై వరండా కుర్చీలో కూర్చునే ఆవిడ మొగుడు అప్పట్లో బస్సు డిపోలో మెకానిక్. ఆయన ఖాకీ బట్టలకి పట్టిన గ్రీజు ఒక పట్టాన వదిలేది కాదు. వాటికితోడు ఇద్దరు పిల్లల బట్టలు, మంచాన పడ్డ అత్తగారి దుప్పట్లు. ఉతికి ఉతికి వేళ్ళ సందులు పాచిపోతే, సూది పట్టుకున్నప్పుడల్లా ప్రాణం జివ్వున లాగేది. వాషింగ్ మెషిన్ ఒకటి కొందామండీ అని అడిగినప్పుడల్లా ఆయనదీ ఒకటే జవాబు. "మా అమ్మ ఉతకలేదా?" ఈలోగా ఇంట్లోకి స్కూటరొచ్చింది, రేడియో పోయి టేప్‌రికార్డరొచ్చింది, అది పోయి రంగుల టీవీ వచ్చింది. వాటిలో దేనికీ ఎవరి అమ్మా అడ్డురాలేదు.

చివరికి ఆవిడ బాత్‌రూములో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. చేతికి పిండికట్టు వేశారు. బట్టల తొట్టి ముందు మెకానిక్ గారు కూర్చోవలసివచ్చింది. మొదటిసారి ఈలవేస్తూ ఉతికాడు. రెండోసారి ఈల వినపడలేదు. మూడోసారి సగం బట్టలు తొట్టిలోనే వదిలేసి, నడుం పట్టుకుని లేచి, చొక్కా తొడుక్కుని బజారుకెళ్ళాడు. సాయంత్రానికి ఇంట్లో వాషింగ్ మెషిన్ దిగింది.

చుట్టుపక్కల ఆడవాళ్ళంతా వచ్చి చూశారు. "పెళ్ళామంటే ఎంత ప్రేమ! పెట్టి పుట్టావమ్మా," అన్నారు. ఆయన మీసం సవరించుకున్నాడు. మిషనమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. పక్క మంచం మీంచి అత్తగారు మాత్రం మెల్లిగా అంది. "మన పెరట్లోకి కుళాయి కూడా అలాగే వచ్చిందిలే. నేను పురిటిమంచం మీదుంటే మీ మామగారు వీధి చివర్నుంచి నీళ్ళు మొయ్యాల్సొచ్చింది. వారం తిరక్కుండా కుళాయి."

ఆ అత్తగారు పోయి చాలా కాలమైంది. ఆ మెషిన్ కూడా పాడైతే ఇంకోటి వచ్చింది. మిషనమ్మ కడుపులో మంట మాత్రం చల్లారలేదు.

మిషనమ్మ కాలరు పక్కన పడేసి వంటింట్లోకి వెళ్ళింది.

"ఒరేయ్, ఇందాక ఇక్కడ నా పేరు వినపడింది."

"నిన్నేమీ అనలేదమ్మా. నీ గొప్పే చెప్పాను."

"నా గొప్ప చెప్పమని నిన్నెవడడిగాడు? నేను నోరు తెరిచి అడగలేదా? నోరు నొప్పెట్టేదాకా అడిగాను. నువ్వప్పుడు ఈ గుమ్మంలోనే కూర్చుని బొమ్మకారు తోలుకుంటున్నావు. చేశానంటే గతిలేక చేశాను, సరదాకి కాదు. ఇంకోసారి నా చాకిరీని దీని మీదకి ఉసిగొల్పావంటే ఊరుకోను."

కొడుకు సింకు వైపు చెయ్యి చూపించాడు. "అసలు పెట్టడానికి చోటేదమ్మా?" అన్నాడు. తల్లి కళ్ళు చూసి, "సరే, మీరిద్దరూ ఒకటైపోయారు," అని గొణుక్కుంటూ చెప్పులేసుకుని బయటికి పోయాడు.

కోడలు ఆసుపత్రిలో మందుల కౌంటరు దగ్గర పనిచేస్తుంది. రోజంతా నిలబడి వచ్చి, మళ్ళీ సింకు దగ్గర నిలబడుతుంది. చేతులు తుడుచుకుంటూ అంది.

"అత్తయ్యా, దీనికో ఉపాయముంది. రేపట్నుంచి నాకు నడుంనొప్పి. ఆయన్నే కడగనిద్దాం. తిక్క కుదిరి తనే పరిగెత్తుకెళ్ళి తెస్తారు."

"వద్దు," అంది మిషనమ్మ. ఎంత గట్టిగా అందంటే కోడలు ఉలిక్కిపడింది. "అలా మాత్రం వద్దమ్మాయ్. అలా వస్తే అది వాడి మిషను. వాడి నడుం కోసం వచ్చింది. నువ్వు జన్మంతా వాడి మిషన్లో గిన్నెలు సర్దుతుంటావు, ఊరంతా వాణ్ణి పొగుడుతుంటుంది. నాకు తెలుసు ఆ సంబరం. నువ్వు అడిగావు. నీ మాట మీద రావాలి."

"ఆయన ఒప్పుకోవాలి కదా?"

"నీకు జీతం లేదా? వాణ్ణి అడగడమెందుకు?"

కోడలు ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసింది. "మీరూ సంపాదించారు కదా అత్తయ్యా. మరి మీరెందుకడిగారు?"

సూది వేల్లో దిగబడ్డట్టయింది మిషనమ్మకి. నిజమే, ఎందుకడిగింది? ఆయన సంపాదన ఆయన సంపాదనగానే ఉండేది. తన సంపాదన మాత్రం చేతికి రాగానే ఇంటిఖర్చు అయిపోయేది. అందులోంచి ఆయన స్కూటరుకి పెట్రోలు కూడా పోశారు. అది తన డబ్బని ఎవరూ అనలేదు, తనూ అనుకోలేదు. ఇన్నేళ్ళూ మొగుడి మీద పెంచుకున్న కోపంలో కొంత వాటా తనకీ ఉందని తెలిసేసరికి ఆవిడకి మరింత మండింది.

"చెప్పులేసుకో, పద," అంది.

ఇద్దరూ బజారుకెళ్ళి, నాలుగు రకాలు చూసి, కోడలికి నచ్చిన డిష్‌వాషర్ ఆర్డరిచ్చి వచ్చారు. మర్నాడు కోడలు పని నుంచి వచ్చాక సింకు పక్కనున్న అలమర తెరిచారు. చోటు లేదన్నది ఆ చోటే. అందులోంచి కాఫీ మిషను, రొట్టెలు కాల్చే మిషను, పండ్లరసం తీసే మిషను ఒక్కొక్కటే బయటపడ్డాయి. అన్నీ కొడుకు ముచ్చటపడి కొని, రెండుసార్లు తిప్పి మూలకి తోసినవే. వాటి అట్టపెట్టెలు కూడా భద్రంగా ఉన్నాయి. అత్తాకోడళ్ళిద్దరూ అవన్నీ తీసుకెళ్ళి వాడి మంచం మీద పేర్చారు. రాత్రి కొడుకొచ్చి, వాటిని బీరువా మీదకి ఎక్కించుకున్నాడు. వాళ్ళేదో అలమర దులుపుకుంటున్నారనుకున్నాడు పాపం.

ఆ మర్నాడు కోడలు సెలవు పెట్టింది. మధ్యాహ్నం మిషనొచ్చింది. దాని వెనకే ప్లంబరు వచ్చాడు. సింకు చుట్టూ చూసి తల గోక్కున్నాడు.

"ఇక్కడ గోడకి కన్నం పెట్టాలమ్మా. సార్‌ని ఒక్కమాట అడిగితే..."

"సారుకి ఈ గదిలో పనేమీ లేదు నాయనా," అంది మిషనమ్మ. "పనున్నవాళ్ళం ఇద్దరం ఎదురుగానే ఉన్నాం. కన్నం పెట్టు."

ప్లంబరు నవ్వాడు. "మా ఆవిడ కూడా ఇలాంటిదే అడుగుతోందమ్మా."

"నువ్వేమన్నావు?"

అతను సింకు కింద తలదూర్చి, పానా అందుకున్నాడు.

సాయంత్రం కొడుకొచ్చాడు. వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు.

"నాకొక్క మాట చెప్పొచ్చుగా!"

"చెప్పాను," అంది కోడలు. "ఏడాదిగా చెప్తూనే ఉన్నాను."

"చెప్పడం వేరు, నన్నడిగి కొనడం వేరు. ఇంట్లోకి ఇంత వస్తువు వచ్చేటప్పుడు..."

"హాల్లో ఆ గోడంత టీవీ తెచ్చినప్పుడు నువ్వెవర్నడిగావురా?" అంది మిషనమ్మ.

"అది అందరికీ కదమ్మా!"

"ఇందులో కడిగే కంచాల్లో నీ కంచం లేదా?"

వాడు మూతి ముడుచుకుని తిన్నాడు. తిని, అలవాటుగా కంచం బల్లమీదే వదిలేసి లేచాడు. కోడలు మిగతా కంచాలన్నీ తీసింది, దాన్ని ముట్టుకోలేదు. మిషనమ్మ వాణ్ణి వెనక్కి పిలిచింది. "నాలుగడుగుల్లో ఉంది మిషను. అక్కడిదాకా మొయ్యడానికి ఇంకో మిషను తేవాలా?" వాడు విసురుగా వచ్చి కంచం అందులో పెట్టాడు. తిరగేసి పెట్టాడు. కోడలు సరిచెయ్యకుండా, "ఇటు తిప్పండి," అంది. తిప్పాడు.

ఇదంతా మెకానిక్ గారు వరండా కుర్చీలోంచి వింటూనే ఉన్నాడు. మిషనమ్మ అటు రాగానే గొంతు తగ్గించి అన్నాడు. "వాడిదేం మొండితనమే! నేనైతే నీకు వాషింగ్ మెషిన్ నా అంతట నేనే తెచ్చిపెట్టానా లేదా?"

మిషనమ్మ ఆయన ఎదురుగా నిలబడింది.

"నాకు తేలేదండీ. మీకు తెచ్చుకున్నారు."

"అదేమిటి? ఇన్నేళ్ళూ వాడింది నువ్వేగా!"

"అదే చెప్తున్నాను. ఉతికింది నేను, అడిగింది నేను, వాడింది నేను. మెషిన్ మాత్రం మీరు మూడుసార్లు ఉతికితే వచ్చింది. నా చేతులు పాచిపోతే రాలేదు. మీ నడుం పట్టేస్తే వచ్చింది."

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "అప్పుడే ఆ మాట అనొచ్చుగా."

"వీధి వీధంతా వచ్చి మిమ్మల్ని పొగుడుతుంటే, మీరు మీసం దువ్వుకుంటుంటే, ఏమనమంటారు?"

ఆయన వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. "నువ్వు సంతోషపడ్డావనుకున్నానే," అన్నాడు. తర్వాత భయంభయంగా అడిగాడు. "ఇంకా కోపముందా?"

"ఉంది," అంది మిషనమ్మ.

ఆ పైన ఏదైనా మెత్తని మాట వస్తుందేమోనని ఆయన ఎదురుచూశాడు. రాలేదు. ఆవిడ లోపలికెళ్ళి, దీపం వేసుకుని, మర్నాటికి ఇవ్వాల్సిన చొక్కాలు ముందేసుకుని కూర్చుంది.