పదహారో ఫారం దాకా

ఆ బైండింగు షాపులో మొగుడూ పెళ్ళాల మధ్య గొడవంటే కేకలుండవు. వీపులుంటాయి. ఆయన అటు తిరిగి అట్టలు కోస్తాడు, ఆవిడ ఇటు తిరిగి పుస్తకాలు కుడుతుంది. ముందు ఎవరు నోరు విప్పితే వాళ్ళు ఓడినట్టు. నలభై ఏళ్ళలో ఆయన ఒక్కసారీ ఓడలేదు.

ఆ రోజు పొద్దున ఎనిమిదికి, ఒక పాత పుస్తకం కుట్టు మొదలుపెడుతూ ఆవిడ అంది:

"నిన్నటి పుస్తకం అంచు అక్షరాల దాకా కోసేశావు. కళ్ళజోడు మార్చుకోవయ్యా అంటే వినవు."

"నీ కుట్టు నువ్వు చూసుకో."

"చూసుకుంటాలే. నీతో కంటే ఈ గోడతో మాట్లాడటం నయం. పెచ్చులూడినప్పుడైనా పలుకుతుంది."

అంతే. వీపులు తిరిగాయి.

పన్నెండున్నరకు అన్నం క్యారేజీ తెచ్చిన కూతురు గుమ్మంలోనే కెవ్వుమంది. "అమ్మ మూతి వంకరపోయింది నాన్నా! చెయ్యి వేలాడుతోంది! పక్కనే ఉండి చూడలేదా?"

ఆస్పత్రిలో తలకు స్కాన్ తీశారు. ఫిల్ములు పట్టుకుని పెద్ద డాక్టరు కోసం కాచుకునే పనే లేకపోయింది. కంప్యూటరే బొమ్మ చదివి, రక్తం గడ్డ ఎక్కడ అడ్డుపడిందో రెండు నిమిషాల్లో డాక్టరమ్మ ఫోనుకు పంపేసింది. డాక్టరమ్మ పరుగున వచ్చింది.

"తీగ పంపి గడ్డను లాగడానికి ఆ రక్తనాళం మరీ సన్నం తాతగారూ. గడ్డను కరిగించే మందుంది. పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. దాటితే మెదడులో రక్తం చిమ్మొచ్చు. బామ్మగారు బాగుండగా ఆఖరున ఎప్పుడు చూశారు?"

గోడ గడియారంలో ఒకటిన్నర.

"ఎనిమిదికి మాట్లాడింది."

"ఆ తర్వాత? పని చేసుకోవడం, లేచి తిరగడం?"

వీపుకు కళ్ళుంటాయా?

"చూళ్ళేదమ్మా."

డాక్టరమ్మ చేతిలోని మందు పెట్టె నర్సుకు తిరిగిచ్చేసింది. "అయితే ఎనిమిది నుంచే లెక్క పెట్టాలి తాతగారూ. గడువు పన్నెండున్నరకే దాటిపోయింది."

ఆవిడ బతికింది. మాట పోయింది, కుడిచెయ్యి పోయింది.

మూడో రోజు ఆయన దుప్పటి కోసం షాపుకు వచ్చి, కుట్టు చెక్క మీద ఆగిపోయిన పుస్తకం చూశాడు. ఫారం అంటే మడతపెట్టిన కాగితాల బొత్తి. చిరుగులు అతికి ఒక్కో ఫారం కుట్టేసరికి ఆవిడకు పావుగంట పట్టేది. వేలు పెట్టి లెక్కపెట్టాడు. పదహారు ఫారాలు, గీత గీసినట్టు తిన్నగా. పదిహేడో దాంట్లో కుట్టు పక్కకు పోయి, సూది వేలాడుతోంది.

గంటకు నాలుగు. తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. పన్నెండు దాకా ఆ చెయ్యి బాగానే ఉంది. ఆ రోజు ఒకటిన్నరకు, మందుకు ఇంకా మూడు గంటలు మిగిలే ఉన్నాయి.

మళ్ళీ లెక్కపెట్టాడు. పదహారే.

దుప్పటి మరిచిపోయి ఆ పుస్తకమే పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాడు.

"ఏమే, నేనే ఓడాను," అన్నాడు మంచం పక్కన కూర్చుని. "కళ్ళజోడు మార్చుకుంటానే. ఒక్కసారి తిట్టవే."

ఆవిడ ఎడమచెయ్యి పుస్తకం మీదకొచ్చి సూదిని తడిమింది. తర్వాత మెల్లగా మొహం గోడవైపు తిప్పుకుంది. అది కోపమో, నీరసమో ఆయనకు తెలియలేదు.

లేచి, మంచం చుట్టూ తిరిగి వెళ్ళి, గోడకూ ఆవిడకూ మధ్య ఉన్న ఆ కాస్త సందులో కూర్చున్నాడు.