పది పాయింట్ల దూరం

కళ్ళజోడు పెట్టుకోగానే వీడియో గేముల షాపాయన మొదట చూసింది గోడ మీది బూజును.

"ఇంత బూజుందా ఇక్కడ" అని నిట్టూర్చాడు. "జోడు లేక వారం నుంచీ మనుషులంతా నాకు పొగమంచే అనుకో. ఎవడొచ్చాడో, ఎవడు పోయాడో."

"మళ్ళీ జోడు మీద కూర్చోకండి బాబాయ్ గారూ" అంది దాన్ని తెచ్చిచ్చిన ఆమె.

కళ్ళజోళ్ళ షాపు వెనకగదిలో అద్దాలు అరగదీయడం ఆమె పని. సరుకు తెచ్చివ్వడం ఆమె పని కాదు. ఇంటికెళ్ళే దారే కదా అని తెచ్చింది. తొందరగా వెళ్ళినా అక్కడ ఆమె కోసం కాచుకుని ఉండేది ఒక కుర్చీ, ఒక టీవీ.

వెనక్కి తిరిగినదల్లా ఆగిపోయింది.

మూలన విమానాల గేమ్. పసుపు పెట్టె, ఎర్ర గుండు ఉన్న స్టిక్, ఒకే ఒక్క బటన్. చిన్నప్పుడు వాళ్ళ వీధి చివర ఉన్నది అచ్చం ఇలాంటిదే. తెర మీద స్కోర్ల జాబితా. అన్నిటికంటే పైన మూడు ఇంగ్లీషు అక్షరాలు: బి, యు, డి.

మూడక్షరాలకు మించి పట్టదని 'బుడ్డోడు' అన్న ముద్దుపేరును అలా కత్తిరించి రాసేవాడు ఆమె తమ్ముడు. లోకంలో ఇంకెవరూ అలా రాయరు.

"ఇది ఎప్పటి స్కోరండీ?"

"ఇవాళ్టిదే. దానికి మతిమరుపు. షాపు కట్టేసేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపితే అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి."

"ఎవరు ఆడారు?"

"పొగమంచు" అన్నాడాయన దిగులుగా.

ఎనిమిదేళ్ళు. అమ్మ పోయిన మూడో రోజుకు గానీ తమ్ముడు రాలేదు. గుమ్మంలోనే నిలబెట్టి, "ఇక నాకు తమ్ముడు లేడు" అంది ఆమె. ఎందుకు ఆలస్యమైందో అడగలేదు. అతను చెప్పులు కూడా విప్పకుండా వెళ్ళిపోయాడు. నంబరు మారింది. గది మారింది. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకుందామంటే వినే మనిషి దొరకలేదు.

మర్నాడు సెలవు అడిగితే యజమాని సగంపూటే ఇచ్చాడు. గేముల షాపు తలుపు తీసేసరికి ఆమె మెట్టు మీద ఉంది. జాబితా ఖాళీ. బిళ్ళ వేసి ఆడింది. వేళ్ళకు ఇంకా గుర్తుంది. నాలుగువేల మూడువందల ఎనభై. తన అక్షరాలు రాసింది: ఏ, కే, ఏ. అక్క.

తర్వాత స్టూలు మీద కూర్చుని తలుపు వైపే చూసింది. చిన్నప్పుడు తమ్ముడికి స్టిక్ అందకపోతే సోడా సీసాల పెట్టె ఎక్కించేది. ఇద్దరూ కచ్చి కొట్టి మాటలు మానేస్తే ఎవరి ఆట వాళ్ళదే. పచ్చి చెప్పి మళ్ళీ కలవడానికి నోరు రానివాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. ఎదుటివాళ్ళ స్కోరుకు సరిగ్గా పది తక్కువలో స్టిక్ వదిలేసి, విమానాన్ని కూల్చేసుకోవాలి. అంతే, కచ్చి తీరిపోయినట్టు. ఎప్పుడూ ముందు వదిలేసేది తమ్ముడే.

రెండింటి దాకా ఎవరూ రాలేదు.

"ఆ బి, యు, డి మా తమ్ముడు బాబాయ్ గారూ. వస్తే ఆపండి. కాళ్ళు పట్టుకునైనా ఆపండి."

"నా మోకాళ్ళు వంగవు. మాటలతో ఆపుతాలే" అన్నాడాయన.

ఆ మధ్యాహ్నం పనిలో రెండు అద్దాలు పగలగొట్టింది. ఆరింటికి పరుగున వచ్చింది. షాపాయన లేచి నిలబడ్డాడు.

"వచ్చాడమ్మా. బట్టతల. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ."

ఆ మచ్చ ఆమె పెట్టిందే. సోడా పెట్టె మీంచి తోసినప్పటిది.

"నువ్వు అటు వెళ్ళావో లేదో ఇటు వచ్చాడు. నువ్వున్నంతసేపూ ఎదురుగా బస్టాపులోనే నిలబడ్డాట్ట. ఎదురుపడే మొహం లేదన్నాడు. మీ అక్క నీ కోసమే కూర్చుందయ్యా అని చెప్తే తల ఊపాడు."

"ఏడీ?"

"పక్క వీధిలో లిఫ్టు బిగించే పనిమీద వచ్చాట్ట. పని అయిపోయింది. ఐదింటి బస్సుకు అందరూ వెళ్ళిపోయారు. ఏ ఊరయ్యా అంటే, ఎక్కడ లిఫ్టు పెడితే అక్కడే అన్నాడు. నంబరడిగితే నవ్వి ఊరుకున్నాడు."

ఆమె బయటికి వచ్చి చూసింది. బస్టాపులో ఖాళీ బల్ల. పొద్దున అక్కడ ఎవరో టోపీ పెట్టుకుని నిలబడి ఉండటం ఆమె చూసింది. బస్సు కోసమనుకుంది.

లోపలికొచ్చింది. పైన ఏ, కే, ఏ: నాలుగువేల మూడువందల ఎనభై. కింద బి, యు, డి: నాలుగువేల మూడువందల డెబ్భై.

"నాకు అంతుపట్టలేదమ్మా" అన్నాడు షాపాయన. "బ్రహ్మాండంగా ఆడుతున్నవాడు ఉన్నట్టుండి చేతులు కట్టుకుని నిలబడ్డాడు."

ఆమె పెట్టె దగ్గరికి వెళ్ళింది. బిళ్ళ వేసింది. మెల్లగా, లెక్కపెట్టుకుంటూ ఆడింది. నాలుగువేల మూడువందల అరవై దగ్గర స్టిక్ వదిలేసి చేతులు కట్టుకుంది. విమానం కూలింది. మూడో వరసలో మళ్ళీ ఏ, కే, ఏ. తమ్ముడి పేరు రెండు అక్కల మధ్య నిలబడింది.

"ఇంకొక్కటి కొడితే అతన్ని అందుకునేదానివిగా."

"తెలుసండీ."

ఆయన మెయిన్ స్విచ్ దగ్గరికి వెళ్ళి, చెయ్యి ఎత్తి ఆగాడు. "ఇవాళ్టికి ఉంచెయ్యనా అమ్మా?"

ఆమె మూడు వరసలూ పైనుంచి కిందికి చదివింది.

"ఎవరు చూడాలి బాబాయ్ గారూ" అంది. "కట్టెయ్యండి."