వెనక వల

ఏలూరు బజారులో వల నూలు అమ్మే శ్రీరంగనాయకులుగారికి కర్రాబిళ్ళ ఆడటం రాదు. చిన్నప్పుడు ఒక్కసారి ఆడబోతే బిళ్ళ లేచి ఆయన నుదుటికే తగిలింది. ఆ మచ్చ ఇప్పటికీ నామం పక్కన ఉంది. ఆటను చూడటంలో మాత్రం ఆయన్ని మించినవాడు కృష్ణకీ గోదావరికీ మధ్య లేడు. ఇది ఆయన స్వయంగా చెప్పుకున్న మాటే, అయినా నిజం.

కొల్లేటి లంక జట్టంటే ఆయనకు ప్రాణం. తండ్రినాటి నుంచీ ఆ లంక జాలర్లు నూలు కొనేది ఆ కొట్లోనే. ఏటా ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ తీర్థానికి, నీళ్ళు వెనక్కి తగ్గి ఎండిన కొల్లేటి నేల మీద లంక జట్టుకూ తాడేపల్లిగూడెం జట్టుకూ పందెం జరుగుతుంది. ఆరేళ్ళుగా లంకవాళ్ళు ఓడిపోతున్నారు. ఆరేళ్ళుగా నాయకులుగారు గట్టు మీద నిలబడి ఒక్కొక్కణ్ణీ పేరుపెట్టి ఉతికి ఆరేస్తున్నారు.

ఆరో ఏడు ఆట ముగిశాక లంక జట్టు నాయకుడు సూర్రావు ఆయన దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"శెట్టిగారూ, తప్పుగా అనుకోకండి. మీరు అరుస్తుంటే మావోళ్ళకి చేతులొణుకుతున్నాయండి. పై ఏడు మీరు రావొద్దండి."

తిట్టినా ఆయనకు అంత బాధ ఉండేది కాదు. అండీ అండీ అంటూ మెత్తగా చెప్పడంతో గుండెలో ముల్లు దిగింది. ఇంటికి వెళ్ళి భార్య కామాక్షితో చెప్పుకుంటే, "ఇన్నాళ్ళకి ఒక్కడికి ధైర్యం వచ్చిందన్నమాట" అని ఆమె మజ్జిగ పోసింది. ఉన్న మాటంటే ఉలుకెక్కువ అంటారు. ఆ రాత్రి ఆయన అన్నం సగంలోనే లేచిపోయారు.

పంతొమ్మిదివందల ముప్ఫై ఏడో సంవత్సరం అది. ఆ ఎండాకాలం ఆయన నూలు బేరానికి కలకత్తాలో ఓడెక్కి జపానులోని కోబే రేవుకి వెళ్ళారు. అక్కడ ఆయనకు ఆశ్రయమిచ్చిన గుజరాతీ వర్తకుడు ఒక ఆదివారం ఆయన్ని బేస్‌బాల్ ఆటకు తీసుకుపోయాడు. జీతాలు పుచ్చుకుని ఆడేవాళ్ళ ఆట అది, మొదలై ఏడాదే అయిందట. ఆట అనగానే నాయకులుగారికి ప్రాణం లేచొచ్చింది. జీతం అనగానే ఆయనలోని తప్పులెన్నేవాడు కూడా లేచి కూర్చున్నాడు.

మొదటి గంట ఆయన ఒక్క తప్పునూ వదల్లేదు. "ఎదుటివాడు విసిరితేగానీ వీడు కొట్టలేడా? మా సూర్రావు తన బిళ్ళ తానే లేపుకుని కొడతాడు. చేతికి దిండు కట్టుకుని పట్టుకుంటే అదీ పట్టుకోవడమేనా? నాలుగు మూలలూ తిరిగి బయల్దేరిన చోటికే వస్తే గెలిచినట్టా? ఆమాటకొస్తే మా గానుగెద్దు రోజుకి వందసార్లు గెలుస్తుంది!" పక్కన గుజరాతీ ఆయన వేరుశెనగకాయలు ఒలుచుకుంటూ ఊఁ కొట్టాడు.

ఆ తర్వాత ఆయన కన్ను ఒకడి మీద పడింది.

ముఖానికి ఇనప జల్లెడ కట్టుకుని, కొట్టేవాడి వెనక గొంతుక్కూర్చునే మనిషి వాడు. బంతి నేల మీద దొర్లిన ప్రతిసారీ దాన్ని అందుకున్నవాడు మొదటి మూల దగ్గరున్న తనవాడికి విసురుతున్నాడు. జనమంతా ఆ విసురునే చూస్తున్నారు. నాయకులుగారు మాత్రం ఈ జల్లెడవాణ్ణి చూశారు. ఒంటి నిండా తోళ్ళు, పట్టీలు వేసుకుని, ఆ మండుటెండలో వాడు ప్రతిసారీ ఆ మూల వెనక్కి పరుగెత్తుతున్నాడు. బంతి అటు రానేరాదు. వాడు మళ్ళీ వచ్చి కూర్చుంటున్నాడు. అలా పద్దెనిమిదిసార్లు. నాయకులుగారు వేళ్ళు మడిచి లెక్కపెట్టారు.

పంతొమ్మిదోసారి విసురు తప్పింది. మూల దగ్గరివాడి చేతికి అందకుండా బంతి వెనక్కి దూసుకుపోయింది. అక్కడ జల్లెడవాడున్నాడు. బంతి ఆపాడు, పరుగెత్తబోయిన ఎదుటివాడు కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. అంతే. ఎవరూ కేకలు వెయ్యలేదు. నాయకులుగారు ఒక్కరే లేచి, కండువా జారిపోతున్నా పట్టించుకోకుండా చప్పట్లు కొట్టారు. చుట్టూ ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

"ఏమైందండీ?" అన్నాడు గుజరాతీ ఆయన.

"ఆటంతా వాడిదేనండీ. మీకెవరికీ కనబళ్ళేదు, అంతే!"

ఊరికి తిరిగొచ్చాక, కార్తీకంలో సూర్రావు నూలుకి వచ్చాడు. నాయకులుగారు పాత మాట మనసులో పెట్టుకోకుండా కొట్టు నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి ఆ ఆటంతా చెప్పారు. "మీ తప్పు ఇదే సూర్రావూ. బిళ్ళ లేస్తే నలుగురూ నాదంటే నాదని మీదపడతారు. వేళ్ళకి తగిలి ఎగిరిందా, వెనక ఒక్కడూ ఉండడు."

సూర్రావు వంగి, జల్లెడవాడి గీత మీద వేలు పెట్టాడు.

"ఇది మా ఎనకవలే కదండీ!" అన్నాడు. "ముందు వల కట్టి చేపల్ని తోలతామండి. బలమున్న చేప ఆ వల మీంచి ఎగిరి దూకేస్తది. అందుకని ఎనకాల ఇంకో వల పట్టుకుని ఒకడుంటాడు. ఆ వల అందరికీ ఇవ్వమండి, అందరిలోకీ చెయ్యి తిరిగినోడు, మా పెద్ద చెయ్యి, ఎవడో ఆడికే. దూకొచ్చేది గట్టి చేప కదా." అతను తల గోక్కున్నాడు. "రోజూ నీళ్ళలో చేసే పనే. నేల మీద తోచనేలేదండి."

పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగాడు. "ఈసారి తీర్థానికి రండి శెట్టిగారూ. కానీ నోరిప్పకూడదు. ఇప్పారంటే ఇంక మా ఆటకి ఎప్పటికీ రాకూడదు. ఒట్టెయ్యండి."

నాయకులుగారు ఒట్టేశారు. ఏడాదికి ఒక్క రోజు ఆయన బతికేది ఆ గట్టు మీదే. దాన్ని పోగొట్టుకోవడానికి ఆయన సిద్ధంగా లేరు.

ఫాల్గుణం వచ్చింది. పగుళ్ళిచ్చిన కొల్లేటి నేల చుట్టూ జనం కిటకిటలాడారు. గుంట మీద పెట్టిన బిళ్ళను కర్రతో లేపి కొట్టాలి. అది నేల తాకేలోపు ఎవరు పట్టినా, ఒకరి చేతికి తగిలి ఇంకొకరు పట్టినా, కొట్టినవాడు చచ్చినట్టే. పట్టలేకపోతే బిళ్ళ ఎంత దూరం పోయిందో కర్రతో కొలిచి అన్ని కర్రలు కలుపుతారు. ముందు ఆడిన లంకవాళ్ళు మూడువందల పన్నెండు కర్రలు చేశారు. నాయకులుగారు ఒక్క మాట అనలేదు. ఇద్దరు ముగ్గురు వచ్చి ఒంట్లో బాగుందా అని అడిగిపోయారు.

గూడెం జట్టు దిగింది. లంకవాళ్ళు వెనకవల పెట్టిన మాట నిజమే. ముందువరస వెనక ఒకణ్ణి నిలబెట్టారు. ఎవణ్ణి? సూర్రావు బావమరిది చిన్నరాజుని! మనిషి మంచివాడే, చేతులకు మాత్రం నూనె రాసినట్టుంటుంది. చెయ్యి తిరిగినవాళ్ళంతా ముందుకే ఎగబడ్డారు. బిళ్ళ వస్తుందో రాదో తెలియని చోట ఎవడు నిలబడతాడు? రెండుసార్లు బిళ్ళ ముందువాళ్ళ వేళ్ళకు తగిలి చిన్నరాజు ఒళ్ళోకే వచ్చింది. రెండుసార్లూ జారవిడిచాడు.

గూడెం లెక్క రెండువందల తొంభై దాటింది. ఆఖరివాడు పట్టాభిరామయ్య ఒక్కడే మిగిలాడు. అతని మణికట్టు బలం తెలియనివాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఇంకొక్క దెబ్బతో అయిపోతుంది.

నాయకులుగారు కండువా కొస నోట్లో కుక్కుకున్నారు. వాళ్ళ తప్పు అరచేతిలో ఉసిరికాయలా కనబడుతోంది. కొట్లో సూర్రావే తన నోటితో చెప్పాడు, వెనకవల పెద్ద చేతిదని. నేల మీదికొచ్చేసరికి మరిచిపోయాడు. చెబితే ఈ గట్టు తనకు లేదు. చెప్పకపోతే ఈ జట్టుకు ఏడో ఓటమి. పట్టాభిరామయ్య బిళ్ళ దగ్గర వంగాడు. నాయకులుగారు నోట్లోంచి కండువా లాగిపారేశారు.

"సూర్రావూ! నీళ్ళలో వెనకవల ఎవరు పడతార్రా?"

మైదానమంతా ఆయన వైపు తిరిగింది. సూర్రావు కూడా తిరిగాడు. ఒక్క క్షణం ముఖం చిట్లించాడు, ఆ వెంటనే కళ్ళు పెద్దవయ్యాయి. పరుగున వెనక్కి పోయి చిన్నరాజు భుజం పట్టుకుని తన చోటికి, ముందుకి తోశాడు.

నాయకులుగారు చెప్పులు వేసుకున్నారు. మాట మాటే. గట్టు అవతల నీటి అంచున, తనను తెచ్చిన పడవ కేసి నడవాలి. కానీ పొమ్మని ఒట్టులో ఉంది గానీ, ఆటకు వీపు చూపించమని లేదు కదా. అందుకని ఆయన వెనక్కి వెనక్కి అడుగులేస్తూ బయల్దేరారు.

టక్కుమంది. బిళ్ళ చిన్నరాజు తల మీదుగా దూసుకొచ్చింది. చిన్నరాజు ఎగిరి చెయ్యి చాపాడు. పట్టలేదు. వేలి కొసకి మాత్రం తగిలింది, బిళ్ళ వడి విరిగి గిరగిరా తిరుగుతూ వెనక్కి లేచింది. నాయకులుగారు ఇంకో అడుగు వెనక్కి వేశారు. మడమ కొల్లేటి బురదలో దిగింది. బిళ్ళ కిందికి దిగుతోంది. దాని కింద సూర్రావు రెండు చేతులూ గిన్నెలా పట్టి, నీళ్ళలో నిలబడ్డంత నిబ్బరంగా ఉన్నాడు.

చప్పుడు కూడా కాలేదు. బిళ్ళ అతని చేతుల్లో ఉంది.

ఆ తర్వాత లేచిన కేకకి నీటి మీది పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆరేళ్ళ అవమానం ఒక్క క్షణంలో కొట్టుకుపోయింది. డప్పులు మోగాయి. నాయకులుగారు మోకాళ్ళ దాకా బురదలో నిలబడి, సిగ్గు లేకుండా ఏడుస్తూ నవ్వుతున్నారు. సూర్రావు జనం భుజాల మీంచి దిగి ఆయన దగ్గరికి వచ్చాడు.

"ఒట్టు తప్పారండీ."

"తప్పాను. పోతున్నాను."

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టానండి. ఎనకవల ఇంటికెళ్ళిపోతే పై ఏడు మా గతేంటండీ?" అని బిళ్ళ ఆయన చేతిలో పెట్టాడు.

నాయకులుగారు బిళ్ళను రొంటిన దోపుకున్నారు. బురదలోంచి బయటికొచ్చి ఎవరికోసమో వెతికారు. జనమంతా సూర్రావు చుట్టూ ఉంటే, చిన్నరాజు అల్లంత దూరాన ఒక్కడే నిలబడి నెత్తురోడుతున్న వేలిని పంచెకొసతో నొక్కుకుంటున్నాడు. వాడి వేలు తగలకపోతే ఆ బిళ్ళ తాడేపల్లిగూడెం దాకా పోయేదని ఎవరూ అనుకోలేదు.

నాయకులుగారు తిన్నగా వాడి ముందుకు వెళ్ళి నిలబడి, ఒక్కరే, చేతులు నొప్పెట్టేదాకా చప్పట్లు కొట్టారు.